దుప్పట్ల లెక్క

మీరు శాంటియాగో నుంచి చరిత్ర రాయడానికి వచ్చారట,
కొత్త ఆసుపత్రి ప్రారంభం నాటికి పుస్తకం వేస్తారట.
కూర్చోండి. ఆ బల్ల మీద కాదు, అది తడి.
డాక్టర్ల ఫోటోలు మేడ మీద వరండాలో ఉన్నాయి,
పదకొండు మంది, పదకొండు మీసాలు.
నా దగ్గరున్నవి దుప్పట్లే.

మా అమ్మ ఒతీలియా ఇక్కడ చేరేనాటికి
ఆసుపత్రంటే ఒక చెక్క ఇల్లు, ముప్పై రెండు మంచాలు,
కప్పు పలకల సందుల్లోంచి వాన.
దుప్పట్లు నలభై. మూల మీద సిరాతో
కన్యాస్త్రీలు నంబర్లు వేసేవారు.
మా ఊళ్ళో ఎండకి ఆరేసిన గుడ్డ లేదు.
పొయ్యి చుట్టూ తీగలు కట్టి ఆరేసి
పొగ వాసనతోనే పరిచేవాళ్ళం.
ఇక్కడ పుట్టిన ఎవరినైనా అడగండి,
తడి కట్టె కాలుతుంటే ఎందుకో నిద్రొస్తుందంటారు.

అరవైలో, మే నెల, ఆదివారం.
ముందు నేల లేచింది,
తర్వాత సముద్రం వీధిలోకి నడిచొచ్చింది.
నాకు తొమ్మిదేళ్ళు. దీపం పట్టుకోవడం నా పని.
కొండ మీది బడిలో అమ్మ దుప్పట్లు చింపుతూనే ఉంది,
సన్నగా చింపితే కట్లు,
వెడల్పుగా చింపితే పసిపిల్లలకి ఉయ్యాలలు.
చింపనివి ఆరు.
అవెందుకో చెప్పను, మీకు తెలుసు.

ఆ తర్వాత లాంచీ వచ్చింది.
మంగళవారం ద్వీపాలకి వెళ్తే శుక్రవారానికి తిరిగి రాక.
ఒక డాక్టరు, పళ్ళు పీకే అతను,
మంత్రసాని దోన్యా హెర్మిందా, ఐసు పెట్టెలో టీకాలు.
జబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు
గెడకి తెల్లగుడ్డ కట్టాలి. అది చూసి ఆగేవారు.
ఒకామె జబ్బేమీ లేకుండానే కట్టింది,
మాట్లాడే దిక్కులేక.
డాక్టరు నాడి చూసి, బంగాళాదుంపల సంగతులు గంటసేపు విని
రిజిస్టరులో రాశాడు:
రోగం లేదు. మందు ఇచ్చాం.

డెబ్బై మూడు సెప్టెంబరు. ఇది రాస్తారో లేదో మీ ఇష్టం.
మంచాలు అన్నే, మాపు మూటలు మాత్రం పెరిగాయి.
రాసిన రోగులకీ ఉతికిన దుప్పట్లకీ పొత్తు కుదిరేది కాదు.
తుపాకీ కుర్రాడొకడు వచ్చి ఈ వారం ఎన్నని అడిగాడు.
నాకు లెక్కలు రావయ్యా అన్నాను.
ఒక రాత్రి ఒక మూట మరీ బరువు.
నేనూ హెర్మిందా లాంచీ దాకా మోశాం.
రేవులో కాపలావాడి ముందు మూట దగ్గింది.
వెంటనే హెర్మిందా దగ్గింది,
ఊపిరితిత్తులు ఊడిపడేలా, అవతలి గట్టుకి వినపడేలా.
వాడు జాలిపడి దారిచ్చాడు.

తర్వాత డబ్బు లేదన్నారు.
ద్వీపాల్లో వైద్యం మున్సిపాలిటీల నెత్తిన పడింది,
మేం ఎవరి నెత్తినా పడలేదు.
దుప్పటి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని తలుపు మీద కాగితం.
పూలవి, గళ్ళవి, ఫుట్‌బాల్ జట్టువి...
వార్డు సంతలా ఉంటే చూడ్డానికొచ్చినవాళ్ళు ముచ్చటపడ్డారు.
నాకు మాత్రం భయం వేసేది.
రంగు దుప్పటి మీద రక్తం ఆలస్యంగా కనిపిస్తుంది.

కొత్త భవనంలో లాండ్రీ గది లేదట,
మాపువన్నీ లారీ ఎక్కి, పడవ దాటి
ఎక్కడో మెషీన్లలో ఉతుక్కుని వస్తాయట.
రానివ్వండి. నా చేతులు చూశారుగా.
మంచిదే అంటాను, నవ్వకండి, నిజంగానే.

ఇదిగో, పదిహేడో నంబరు.
చింపని ఆరింటిలో ఐదు మట్టిలో ఉన్నాయి.
దీన్ని ముఖం మీదుగా కప్పి పడుకోబెట్టిన పిల్ల
తెల్లారేసరికి నీళ్ళడిగింది.
ఇప్పుడు ఎక్స్‌రే గది ముందు టోకెన్లిస్తుంది.
మీరడిగితే చెప్పదు, అడక్కండి కూడా.

నా పేరు వేస్తే అక్షరాలు సరిగా వేయండి:
ఎర్సీరా నవెల్‌కీన్.
ఆ కలం పక్కన పెట్టి ఈ కొస పట్టుకోండి.
గట్టిగా లాగాలి. ఇంకా.
దీన్ని మడతపెట్టడం ఒక్కరి వల్ల కాదు.